తోస్తే కదిలే బండికి తాళం ఎక్కడ వేయాలి: ఒక పాత కారు సెల్ఫ్ కేసు

నేపథ్యం

శ్రీకాకుళం పట్టణంలో కార్ల ఎలక్ట్రికల్ పని చేసే మా షెడ్డుకు ఒక వేసవిలో పాత పెట్రోలు కారు ఒకటి వచ్చింది. పైకి చూస్తే దాని సమస్య చాలా మామూలుది: సెల్ఫ్ ఒక్కోసారి కొట్టదు. అయితే ఆ కారు మూడు నెలల్లో మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది, అందులో రెండోసారి రావడానికి కారణం నేను చేసిన పనే. సెల్ఫ్ సమస్యకూ దొంగల భయానికీ ఒకే తీగ మీద మందు వేస్తే ఏమవుతుందో ఇందులో స్పష్టంగా కనబడింది కనుక, యజమాని అనుమతితో, ఆయనను గుర్తుపట్టే వివరాలు తీసివేసి రాసి పెడుతున్నాను. కారు మోడల్ పేరు కూడా చెప్పడం లేదు. ఇందులో బయటపడిన లోపాలు తయారీవి కావు, వయసు వల్ల వచ్చినవి, చేతులు మారినప్పుడల్లా పడిన అతుకుల వల్ల వచ్చినవి.

యజమాని రిటైరైన ఉపాధ్యాయుడు. షెడ్డులో అందరం మాస్టారనే పిలుస్తాం. ఆయన ఇల్లు సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపు ఉన్న గ్రామంలో ఉంది. కారు 1990ల చివరి నాటిది, కార్బురేటర్ రకం, ఆయన దానికి మూడో యజమాని. వారానికి ఒకసారి భార్యను పట్టణంలో ఆసుపత్రికి తీసుకువస్తారు, మిగిలిన రోజులు కారు ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది. షెడ్డు లేదు, గేటు లేదు, ఇంటి ముందు దారి ఊరి చెరువు వైపు పల్లంగా ఉంటుంది. ఈ పల్లం సంగతి మొదట నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ తరం చిన్న కార్లలో చాలావాటికి సెల్ఫ్ కోసం విడిగా రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, ఉండదు. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు ఇగ్నిషన్ స్విచ్‌లోకి వెళ్లి, తాళం చివరిదాకా తిప్పినప్పుడు అక్కడి నుంచి నేరుగా సెల్ఫ్ మోటారు మీద ఉన్న, మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్ అయిన సోలినాయిడ్‌కు చేరుతుంది. సోలినాయిడ్‌లో రెండు చుట్లు ఉంటాయి, ఒకటి లోపలి ఇనుప కడ్డీ అయిన ప్లంజర్‌ను లాగేది, రెండోది లాగిన దానిని పట్టి ఉంచేది. లాగే క్షణంలో రెండూ కలిసి పాతిక ముప్పై ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. ప్లంజర్ లోపలికి వెళ్లి మోటారు కాంటాక్టు మూసుకున్నాక లాగే చుట్టు పని ఆగిపోతుంది, పట్టే చుట్టు ఒక్కటే ఆరేడు ఆంపియర్లతో నిలబడుతుంది. అంటే సెకనులో చిన్న భాగం పాటు తాళం వెనక ఉన్న సన్నటి కాంటాక్టులు, పాతికేళ్లుగా ముడుచుకుని విప్పుకుంటున్న తీగలు చాలా పెద్ద బరువు మోయాలి. కొత్తలో మోస్తాయి. ఉప్పుగాలిలో పాతికేళ్లు గడిచాక ఎలా మోస్తాయన్నదే ఈ కేసులో సగం కథ.

వచ్చినప్పటి ఫిర్యాదు

ఉదయం ఇంటి దగ్గర తాళం తిప్పగానే బండి స్టార్టవుతుంది. పట్టణం దాకా వచ్చి, ఆసుపత్రి దగ్గర ఆపి, పావుగంట తరవాత తిప్పితే "టక్" మంటుంది, లేదా అదీ అనదు. మీటర్ బోర్డు లైట్లు వెలుగుతూనే ఉంటాయి, హారన్ గట్టిగానే మోగుతుంది. అరగంట, ముప్పావుగంట ఆగితే మళ్లీ ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ఆగే ఓపిక లేని రోజున నలుగురిని పిలిచి, సెకండ్ గేర్‌లో ఉంచి తోయించి స్టార్ట్ చేసుకునేవారు. రోహిణి కార్తె ఎండలో, జబ్బు మనిషిని కారులో కూర్చోబెట్టుకుని తోసేవాళ్ల కోసం వెతకడం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

నా దగ్గరికి రాకముందే ఆయన రెండు పనులు చేయించారు. బ్యాటరీ కొత్తది వేయించారు. అప్పటికీ తగ్గకపోతే సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు మార్పించారు. రెండు పనులూ తప్పని నేను అనను, ఆ వయసు బండికి ఎలాగూ అవసరమయ్యేవే. కాని ఆ రెండింటికీ ముందు ఎవరూ మీటరు పెట్టి చూడలేదు. సెల్ఫ్ కొట్టకపోతే బ్యాటరీ, బ్యాటరీ కాకపోతే మోటారు అనే వరస మా వృత్తిలో ఎంత పాతదో, అంత ఖర్చుది.

తాళం కింద, డాష్‌బోర్డు వెనక ఒక చిన్న టాగిల్ స్విచ్ కనబడింది. అదేమిటని అడిగితే మాస్టారు, "అది సీక్రెట్ స్విచ్ బాబూ, పాత ఓనరు పెట్టించాడు. రాత్రి అది ఆపేస్తే సెల్ఫ్ కొట్టదు, దొంగలు పట్టుకెళ్లలేరు" అన్నారు. మన వైపు పాత మారుతి 800లలో, ఆంబాసిడర్లలో ఇలాంటి స్విచ్‌లు ఎన్నో చూశాను. తాళానికీ సోలినాయిడ్‌కూ మధ్య తీగను కోసి, ఆ రెండు కొనలనూ స్విచ్‌కు కలుపుతారు. పని సులువు, ఖర్చు తక్కువ, చూపించడానికి బాగుంటుంది.

మొదటి పరీక్ష

ఉదయం వచ్చిన బండికి లోపం కనబడలేదు. బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు 12.5 వోల్టులు చూపింది, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10.3కు దిగింది. రెండూ మంచి అంకెలే. ఈ అంకెలు చూసి "అంతా బాగుంది" అని పంపేయవచ్చు, లేదా అనుమానం మీద ఏదో ఒకటి మార్చవచ్చు. రెండూ చేయకూడదని అనుకున్నాను, ఎందుకంటే ఆ రెండోదే అప్పటికి రెండుసార్లు జరిగింది. లోపం వేడిలో వస్తోంది కనుక వేడిలోనే చూడాలి. బండి ఉంచమని చెప్పి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమదాలవలస వైపు తీసుకెళ్లి తిరిగి తెచ్చి, ఇంజను ఆపి, బానెట్ మూసి పది నిమిషాలు ఎండలో వదిలాను. ఇంజను ఆగాక గాలి ఆడదు కనుక సైలెన్సర్ వేడి సోలినాయిడ్ మీదికి చేరి, నడుస్తున్నప్పటికంటే ఆగిన పది పదిహేను నిమిషాలకు అది ఎక్కువ వేడెక్కుతుంది. మాస్టారికి ఆసుపత్రి దగ్గర ఎప్పుడూ పావుగంటకే ఎందుకు ఇబ్బంది వచ్చేదో దీనితో అర్థమవుతుంది.

తాళం తిప్పితే "టక్" అని కూడా అనలేదు. గేరు న్యూట్రల్‌లో ఉందని మరోసారి చూసుకుని, తాళం అలాగే పట్టుకోమని కుర్రాడికి చెప్పి, సోలినాయిడ్ చిన్న టెర్మినల్ దగ్గర మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.2 ఉండగా ఇక్కడ 7.8 మాత్రమే వచ్చింది. క్లాంప్ మీటరు 18 ఆంపియర్లు చూపింది. దారిలో 4.4 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. దారిని నాలుగు ముక్కలుగా చేసి కొలిచాను. బ్యాటరీ నుంచి తాళం దాకా 0.7, ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టుల మధ్య 1.6, సీక్రెట్ స్విచ్ మధ్య 1.5, అక్కడి నుంచి కనెక్టరు దాటి సోలినాయిడ్ దాకా 0.6. కూడితే సరిగ్గా 4.4 వచ్చింది. ఇగ్నిషన్ స్విచ్‌లో పోతున్న 1.6 వోల్టులను 18 ఆంపియర్లతో హెచ్చిస్తే 29 వాట్లకు దగ్గర, అంటే పాతకాలపు జీరో వాట్ బల్బు కాదు, దానికి పైది వెలిగించేంత వేడి, గోరంత కాంటాక్టు మీద పడుతోంది. సీక్రెట్ స్విచ్‌కూ దాదాపు అంతే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. 7.8 తక్కువ కనుక లాగలేదు అని ముగించవచ్చు, కాని అది పూర్తి సమాధానం కాదు. దారిలో నిరోధం 4.4 ను 18తో భాగిస్తే 0.24 ఓమ్. సోలినాయిడ్ చుట్ల నిరోధం వేడిలో 7.8 ను 18తో భాగిస్తే 0.43 ఓమ్. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది, అరవై డిగ్రీల తేడాకు 23 శాతం. అంటే అదే సోలినాయిడ్ ఉదయం చల్లగా ఉన్నప్పుడు 0.35 ఓమ్ దగ్గర ఉండి, అదే చెడిన దారిలో కూడా 21 ఆంపియర్లు లాగగలిగేది. ఆ లెక్కన అప్పుడు దాని దగ్గరి వోల్టేజీ 7.4 మాత్రమే, అంటే మధ్యాహ్నం కంటే తక్కువ. అయినా ఉదయం పనిచేసింది, ఎందుకంటే ప్లంజర్‌ను లాగేది చుట్టులోంచి పోయే కరెంటు. 21 దానికి చాలింది, 18 చాలలేదు. ఒక్క వోల్టేజీ అంకెనే పట్టుకుని కూర్చుంటే, వేడిలో ఎక్కువ వోల్టులు ఉండి కూడా ఎందుకు కొట్టలేదన్న ప్రశ్నకు జవాబు దొరకదు. మోటారు విప్పినవారికి అందులో లోపం దొరకకపోవడానికీ కారణం ఇదే: మోటారు బాగుంది, సోలినాయిడ్ బాగుంది, దానికి చేరవలసినది చేరడం లేదు.

మొదటి పరిష్కారం, అందులో నా పొరపాటు

దారిని బాగుచేయడమా, దారినే తప్పించడమా అన్నది మొదటి నిర్ణయం. తాళం స్విచ్, కనెక్టర్లు, తీగలు అన్నీ కొత్తవి వేస్తే పాతికేళ్లు మళ్లీ నడుస్తుంది, కాని పెద్ద కరెంటు సన్న కాంటాక్టుల మీదుగా పోయే పద్ధతి మారదు. రిలే పెడితే తాళం మీద పడే బరువు 18 ఆంపియర్ల నుంచి రిలే కాయిల్‌కు కావలసిన సుమారు 0.15 ఆంపియరుకు దిగుతుంది. పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి రిలే మీదుగా, మూరెడు పొడవున్న లావు తీగతో సోలినాయిడ్‌కు వెళ్తుంది. రెండోదే ఎంచుకున్నాను. 12 వోల్టుల 40 ఆంపియర్ల రిలే, బ్యాటరీ ప్లస్ నుంచి రిలే మీద 30 నంబరున్న పిన్‌కు 30 ఆంపియర్ల ఫ్యూజుతో 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, 87వ పిన్ నుంచి సోలినాయిడ్‌కు అదే తీగ, తాళం నుంచి వచ్చే పాత తీగ 86కు, 85 నుంచి బాడీ ఎర్త్. లాగే క్షణంలో 27 ఆంపియర్లకు పైగా వెళ్లినా అది రెప్పపాటే కనుక 30 ఆంపియర్ల ఫ్యూజు తట్టుకుంటుంది, తీగ ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే మాత్రం వెంటనే పోతుంది. ఈ ఫ్యూజు లేకుండా రిలే పెట్టడం కూడా చాలా చోట్ల చూశాను. అది సెల్ఫ్ సమస్యను నిప్పు సమస్యగా మార్చడం.

సీక్రెట్ స్విచ్ తీసేద్దామన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. "ఊళ్లో ఈ మధ్య రెండు మోటారు సైకిళ్లు పోయాయి, అది ఉండనీ" అన్నారు. నేను గట్టిగా పట్టుపట్టలేదు. ఇప్పుడు దాని మీదుగా పోయేది 0.15 ఆంపియరే కదా, అది ఎంత చెడినా ఏమవుతుందిలే అనుకుని, రిలే కాయిల్ దారిలో దానిని అలాగే ఉంచాను. అదే నా పొరపాటు. అప్పటికి లెక్క మాత్రం బాగానే ఉంది. ఎండలో మళ్లీ తిప్పి తెచ్చి పది నిమిషాలు ఆపి తాళం తిప్పితే వెంటనే కొట్టింది. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 10.3, సోలినాయిడ్ దగ్గర 10.1. నేను సంతోషించాను, ఆయనా సంతోషించారు.

ఆషాఢంలో వానలు మొదలయ్యాక ఫోన్ వచ్చింది. "ఏటి బాబూ, మునుపు టక్కనైనా అనేది, ఇప్పుడు అదీ లేదు" అన్నారు. ఇప్పుడు లోపం వేడితో పని లేకుండా, చల్లటి ఉదయాన కూడా వస్తోంది. కారును తోసి స్టార్ట్ చేసుకుని తెచ్చారు. చూస్తే రెండు కారణాలు కనబడ్డాయి. మొదటిది, సీక్రెట్ స్విచ్ లోపలి కాంటాక్టులు పాత పెద్ద కరెంటుకు నల్లగా కాలి ఉన్నాయి, వాటి మీద ఉప్పు చెమ్మకు చిలుము పట్టింది. ఇంతకుముందు 18 ఆంపియర్లు ఆ పొరను కాల్చుకుని దారి చేసుకునేవి. నేను కరెంటును 0.15కు తగ్గించాక దానికి ఆ పొరను చీల్చే శక్తి లేకపోయింది. పెద్ద బరువు కింద కుంటుతూ నడిచిన స్విచ్, చిన్న బరువుకు పూర్తిగా ఆగిపోయింది. కాలిన స్విచ్‌ను చిన్న కరెంటు దారిలో ఉంచితే క్షేమమని అనుకోవడం ఎంత తలకిందుల ఆలోచనో అప్పుడు అర్థమైంది.

రెండోది చెప్పడానికే సిగ్గుగా ఉంది. రిలేను బానెట్ కింద పిన్‌లు పైకి ఉండేలా బిగించాను, తీగలు సులువుగా అందుతాయని. వాన నీరు సాకెట్ అడుగున నిలిచి 86వ పిన్ పచ్చబడింది. తీరప్రాంతపు బండికి పిన్‌లు కిందికే చూడాలని నాకు తెలియక కాదు.

ఆ రోజు స్విచ్‌ను శుభ్రం చేసి, రిలేను తిరగేసి బిగించి, కొత్త స్విచ్ తెప్పిస్తానని చెప్పి పంపాను. ఆ వారంలోనే అసలు సంగతి జరిగింది.

దొంగతనం

ఒక రాత్రి వానలో కారు పోయింది. తెల్లవారి చూస్తే చెరువు దాటి, ఊరికి కిలోమీటరున్నర దూరంలో రోడ్డు పక్కన ఆగి ఉంది. మాస్టారు ఎప్పుడూ ట్యాంకులో రెండు మూడు లీటర్లకు మించి పోయించరు. పెట్రోలు అయిపోయి ఆగింది. సీక్రెట్ స్విచ్ రాత్రి ఆపే ఉంచారు, ఉదయం కూడా ఆపే ఉంది. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, కారును తాడుతో లాగించుకుని నేరుగా మా షెడ్డుకు తెచ్చారు.

స్విచ్ ఆపి ఉన్నా బండి ఎలా వెళ్లిందని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరే ఉంది. సెల్ఫ్ కొట్టనప్పుడు ప్రతి వారం ఆయన ఏం చేసేవారో అదే ఆ రాత్రి దొంగ చేశాడు. పల్లంలోకి తోశాడు, గేరులో వదిలాడు. సీక్రెట్ స్విచ్ ఆపింది సెల్ఫ్‌ను మాత్రమే, ఇగ్నిషన్‌ను కాదు. ఇంజనుకు స్పార్కు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు వెళ్తున్నంతసేపు, చక్రాలు ఇంజనును తిప్పితే చాలు. గేరు కర్రతో నడిచే ప్రతి కార్బురేటర్ బండికీ ఇది వర్తిస్తుంది. ఆ స్విచ్ పుణ్యమా అని ఏళ్ల తరబడి ఆగిపోయింది యజమాని ఒక్కరే.

మరి ఇగ్నిషన్ ఎలా ఆన్ అయింది? తాళంచెవి దూరే గొట్టం, అంటే బారెల్, విప్పి చూశాను. లోపలి రేకులు అరిగి నున్నబడి ఉన్నాయి. ఏ సన్నటి రేకు పెట్టినా తిరిగేటట్టుంది, బండి నడుస్తుండగా తాళంచెవి ఊడి చేతికి వచ్చేస్తోంది. అడిగితే, "అవును, చాలా కాలంగా అంతే" అన్నారు. అరిగిన బారెల్ వల్ల స్టీరింగ్ లాక్ కడ్డీ కూడా సరిగా పడడం లేదు. మొదటి రోజు ఇగ్నిషన్ స్విచ్‌లో 1.6 వోల్టులు పోతున్నాయని కొలిచినప్పుడు నేను విద్యుత్తు వైపు మాత్రమే చూశాను, రిలే పెట్టి దానిని తప్పించుకున్నాను. బారెల్ అరిగితే దాని వెనక ఉన్న స్విచ్ పూర్తిగా తిరగదు, కాంటాక్టు సగమే ఆనుతుంది. సెల్ఫ్ ఇబ్బందిలో పెద్ద వాటా, దొంగకు తెరిచిన తలుపు, రెండూ ఒకే వస్తువు అరుగుదల. రిలే ఆ అరుగుదలను నా కంటికి కనబడకుండా చేసింది. బండి బాగా స్టార్టవుతోంది కనుక తాళం గురించి ఎవరం అడగలేదు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆయనకున్నది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే. అది ఎదుటివారికి జరిగిన నష్టానికి, మన బండి పోతే దాని కింద ఏమీ రాదు. పాత బండ్లకు ఎక్కువమంది అదే కడతారు కనుక, పాత కారు పోవడం అంటే యజమానికి పూర్తిగా పోవడమే.

ఏది నిలబడింది

మూడోసారి పని మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకున్నాను: సెల్ఫ్ దారిలో దొంగల కోసం ఏమీ ఉండకూడదు, దొంగల కోసం పెట్టేది సెల్ఫ్‌ను తాకకూడదు. సీక్రెట్ స్విచ్‌ను కోసి తీసేసి, తాళం నుంచి రిలేకు ఒకే తీగ, మధ్యలో అతుకు లేకుండా వేశాను.

కీ సెట్ మొత్తం మార్చాలని చెప్పాను. తుక్కు దుకాణంలో పాతది తక్కువకు దొరుకుతుందని మాస్టారు అన్నారు. వద్దన్నాను. అదీ అంతే అరిగి ఉంటుంది, పైగా దాని తాళంచెవి ఇంకెవరి దగ్గర ఉందో తెలియదు. ఆ తరం బండ్లకు కొత్తది దొరకడం ఇప్పుడు కొంచెం కష్టమే, విశాఖపట్నం నుంచి తెప్పించడానికి పన్నెండు రోజులు పట్టింది. బారెల్, ఇగ్నిషన్ స్విచ్, స్టీరింగ్ లాక్ మూడూ కలిసి కొత్తవి వేశాక, తాళం తీసి స్టీరింగ్ కొంచెం తిప్పితే "టక్" మని లాక్ పడే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విన్నాకే దిగమని మాస్టారికి చెప్పాను. తోసిన బండి ఎంత దూరం పోయినా స్టీరింగ్ తిరగకపోతే మొదటి మలుపులోనే ఆగిపోతుంది. ఈ ఖర్చును ఎవరూ భద్రత ఖర్చు అనుకోరు, కాని ఆ బండికి జరిగిన పనులన్నింటిలో దొంగకు ఎక్కువ అడ్డం అదే అని నా అభిప్రాయం.

ఇంజను నడవకుండా ఆపే స్విచ్ ఎక్కడ పెట్టాలన్నది అన్నింటికంటే ఎక్కువ ఆలోచించిన విషయం. బ్యాటరీ దగ్గర ఐసొలేటర్, అంటే మొత్తం కరెంటును తెంపే పెద్ద స్విచ్, పెడితే అన్నీ ఆగిపోతాయి, వారమంతా నిలబడే బండికి బ్యాటరీ దిగకుండా కూడా ఉంటుంది. అయితే సెల్ఫ్ మోటారు లాగే నూరు ఆంపియర్ల పైమాట కరెంటు అంతా దాని మీదుగానే పోవాలి. మామూలు ధరకు దొరికే ఐసొలేటర్ తీరప్రాంతంలో రెండు వానాకాలాలకు చిలుము పడితే, మనం తీసేసిన సమస్యనే ఇంకా పెద్దదిగా తెచ్చుకున్నట్టు. అందుకే దానిని వదిలేశాను.

ఈ బండిలో పెట్రోలు పంపు ఇంజను మీద ఉండే మెకానికల్ రకం, దానికి తీగే లేదు. మిగిలింది ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే ఫీడ్. దానిని ఆపితే సెల్ఫ్ కొట్టినా, తోసినా ఇంజను అందుకోదు. దీనిలో ఉన్న ప్రమాదం చిన్నది కాదు. సెల్ఫ్ దారిలోని స్విచ్ చెడితే బండి ఇంటి దగ్గరో ఆసుపత్రి దగ్గరో ఆగుతుంది, కాయిల్ దారిలోని స్విచ్ చెడితే జాతీయ రహదారి మీద, వెనక లారీ వస్తుండగా ఆగుతుంది. చాలామంది ఎలక్ట్రీషియన్లు ఈ భయంతోనే స్విచ్‌ను సెల్ఫ్ దారిలో పెడతారు. వారి భయం సరైనదే, దానికి వారు చెప్పుకున్న జవాబు మాత్రం సరైనది కాదు. నేను చేసిందేమిటంటే, కాయిల్‌కు పోయేది మూడు నాలుగు ఆంపియర్లే అయినా 20 ఆంపియర్ల స్విచ్ తీసుకున్నాను. మధ్యలో రిలే పెట్టలేదు, ఎందుకంటే రిలే పెడితే చెడగల వస్తువులు ఒకటికి మూడవుతాయి. టెర్మినళ్లను ప్రెస్ చేసి, పైన టంకం వేసి, స్లీవ్ తొడిగి, మోకాలు గాని సంచి గాని తగలని పొడి చోట, క్యాబిన్ లోపలే బిగించాను. ఎక్కడన్నది ఇక్కడ రాయను. ఇంజను నడుస్తుండగా దాని మధ్య కొలిస్తే 0.05 వోల్టు కంటే తక్కువ వచ్చింది. ప్రతి సర్వీసుకూ ఆ ఒక్క అంకె కొలిచి పుస్తకంలో రాయాలని నిర్ణయించాం. అది 0.2 దాటిన రోజున, బండి బాగానే నడుస్తున్నా స్విచ్ మార్చాలి.

మాస్టారి కొడుకు ఫోన్ చేసి, కారుకు జీపీఎస్ ట్రాకర్ పెట్టమన్నారు. పెట్టవచ్చు, కాని అది బండి ఆగి ఉన్నా కరెంటు తాగుతూనే ఉంటుంది. 25 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 0.6 ఆంపియర్ అవర్లు, వారానికి నాలుగుకు పైగా. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి వారంలో అది పెద్ద భారం కాదు, కాని ఎవరైనా నెల రోజులు ఊరెళ్లి వస్తే సగం దిగుతుంది, మళ్లీ "సెల్ఫ్ కొట్టడం లేదు" అనే ఫోన్ నాకే వస్తుంది. పైగా ట్రాకర్ బండి పోయాక ఎక్కడుందో చెబుతుంది, పోకుండా ఆపదు. ముందు ఆపేవి పూర్తి చేద్దామని చెప్పి, దానిని తరవాతి మాటగా ఉంచాను. దాని బదులు గేర్ లాక్ వేయించాను. అది పూర్తిగా ఇనుము పని, దానికి కరెంటుతో సంబంధమే లేదు, ఉప్పుగాలికి నెలకొకసారి రెండు చుక్కల నూనె చాలు. రివర్స్ గేరులో వేసి లాక్ చేస్తే తోసినా ముందుకు తేలిగ్గా కదలదు. చివరగా, బండిని ముందు భాగం ఇంటి గోడ వైపు, వెనక భాగం పల్లం వైపు ఉండేలా కాకుండా, చెట్టుకు అడ్డంగా నిలపమని అడిగాను. దీనికి ఖర్చేమీ లేదు. మొదటి రోజే ఇంటి ముందు దారి ఎలా ఉంటుందని అడిగి ఉంటే ఈ సలహా రెండు నెలల ముందే ఇచ్చేవాణ్ని.

ఎర్త్ గురించి ఒక్క మాట. ఇంజనుకూ బాడీకీ మధ్య అల్లిక పట్టీ చిలుము పట్టి సగం పోగులు తెగి ఉంది. సెల్ఫ్ తిరుగుతుండగా దాని మీద 0.4 వోల్టు పోతోంది. ఈ కేసులో అది అసలు కారణం కాదు కనుక ముందు వదిలేశాను, మూడోసారి కొత్తది వేశాక 0.1కు దిగింది. తీరప్రాంతపు బండి ఏ పని మీద వచ్చినా ఇప్పుడు ఈ పట్టీని చూడకుండా పంపడం లేదు.

తరవాత మారిన నా పద్ధతి

సెల్ఫ్ ఫిర్యాదుతో పాత బండి వస్తే ఇప్పుడు మీటరు తీసేలోపే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను: లోపం వేడిలోనా చల్లలోనా, తోస్తే స్టార్టవుతుందా, నడుస్తుండగా తాళంచెవి చేతికి వస్తుందా, పాత యజమాని ఏమైనా స్విచ్ పెట్టించాడా. మూడో ప్రశ్నకు "అవును" వస్తే కీ సెట్ మార్చకుండా రిలే పెట్టడం లేదు. యజమాని ఒప్పుకోకపోతే ఆ మాట బిల్లు మీద రాసి సంతకం తీసుకుంటున్నాను. కొందరికి ఇది అతి అనిపిస్తోంది, నాకు కాదు.

సీక్రెట్ స్విచ్ ఉన్న బండి కనబడితే దాని తీగ ఎక్కడికి పోతుందో వెతికి యజమానికి చూపిస్తున్నాను. ఇంతవరకు చూసినవాటిలో చాలావరకు సెల్ఫ్ దారిలోనే ఉన్నాయి, ఆ బండ్ల యజమానులంతా తమ బండి తోసినా కదలదని నమ్ముతున్నవారే. ఆ నమ్మకంతో కొందరు తాళం వేయకుండానే దిగిపోతున్నారు.

మరుసటి రోహిణి కార్తె

ఏడాది గడిచాక, మళ్లీ అదే ఎండలో మాస్టారిని రమ్మన్నాను. మొదటి రోజు చేసినట్టే మధ్యాహ్నం తిప్పి తెచ్చి, పది నిమిషాలు బానెట్ మూసి ఉంచి, తాళం తిప్పితే మొదటిసారే కొట్టింది. సోలినాయిడ్ దగ్గర 10.0, రిలే పిన్‌లు శుభ్రంగా ఉన్నాయి, కాయిల్ స్విచ్ మధ్య 0.06. ఏడాదిలో ఒక్కసారి కూడా తోయించలేదని ఆయన చెప్పారు.

ఒకటి మాత్రం నేను అనుకున్నట్టు లేదు. గేర్ లాక్ తాళంచెవి కారు తాళంచెవులతో ఒకే రింగులో ఉంది, ఆ రింగు వీధి గది కిటికీ పక్క మేకుకు వేలాడుతుందట. కాయిల్ స్విచ్‌ను పండగ నుంచి వాడడం లేదన్నారు. వంగి అందుకోవడం నడుముకు కష్టంగా ఉందట. దొంగకు అందకూడదని ఆలోచించి పెట్టాను గాని, డెబ్బై దాటిన మనిషికి రోజూ అందాలన్నది ఆలోచించలేదు. ఆ సాయంత్రమే స్విచ్‌ను సీటులో కూర్చుని వంగకుండా చేయి చేరే చోటికి మార్చాను, గేర్ లాక్ తాళంచెవిని వేరే రింగుకు వేసి ఆయన జేబులో పెట్టాను. కిటికీ మేకు సంగతి ఇంట్లో అమ్మగారికి చెప్పాను.